తీసెయ్యమన్న చరణం

"గనిలోంచి పైకి వచ్చిన అతని ఒంటిమీద ధూళి, పూవులోంచి లేచిన తుమ్మెద మీది పుప్పొడిలా మెరిసింది."

ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో కిటికీ పక్కన కూచుని ఉన్నాను. తప్పు చదివానేమోనని తెరిచి ఇంకోసారి చదివాను. తప్పు చదవలేదు. పుప్పొడి అనే రాశాడు.

మా నాన్న మీద నేనెప్పుడూ పుప్పొడి చూడలేదు. షిఫ్టు దిగాక గని దగ్గరే స్నానం చేసి ఇంటికి వచ్చేవాడు. ఒంటిమీది దుమ్ము నీళ్ళతో పోయేది. లోపలికి పోయిన దుమ్ము పోలేదు. రాయి తొలిచేటప్పుడు లేచే సన్నటి బూడిదరంగు పొడి అది, అందులో మెరుపేమీ ఉండదు. గనులు మూసేశాక నాన్న ఉద్యోగం పోయింది కానీ ఆ దుమ్ము మాత్రం ఆయన రొమ్ములో డ్యూటీ మానలేదు. చివరి రోజుల్లో పడుకోలేక, ఒళ్ళో దిండ్లు పెట్టుకుని వాటిమీదికి వంగి కూచునేవాడు. దగ్గు కాస్త ఆగినప్పుడు అమ్మవైపు చూసి, ఏదో తప్పు చేసినవాడిలా నవ్వేవాడు. రైల్లో ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ నవలాకారుణ్ణి ఎక్కడున్నా వెతికి పట్టుకోవాలనిపించింది.

వెతకాల్సిన పనేమీ లేదు. రెండు వారాల్లో ఆయనే మా ఊరికి రాబోతున్నాడు. బెంగళూరులోని ఒక తెలుగు సాహిత్య సంస్థ, మా బంగారు గనుల మీద రాసిన ఈ నవలను మా ఊళ్ళోనే, రాబర్ట్‌సన్‌పేటలో ఆవిష్కరించాలనుకుంది. ఆఫీసు అయ్యాక అప్పుడప్పుడు వాళ్ళ మీటింగులకు పోయి వెనక వరసలోంచి ప్రశ్నలడిగే అలవాటు నాకుంది. ఆ పరిచయంతో కార్యదర్శి గారు ఫోను చేశారు.

"మీరు మైనింగ్ కుటుంబం కదండీ. స్థానిక పాఠకురాలిగా పుస్తకం మీద నాలుగు మాటలు మాట్లాడితే సభ నిండుగా ఉంటుంది."

సరే అన్నాను. అప్పటికి నవల చదవలేదు.

చదివే కొద్దీ ఒళ్ళు మండిపోయింది. ముందుమాట రాసిన పెద్దమనిషి 'ప్రతి పుటలోనూ మట్టి వాసన' అన్నాడు. తెలుగు విమర్శకులకు ఈ మాట నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పల్లె కనిపిస్తే మట్టి వాసన, పేదవాడు కనిపిస్తే మట్టి వాసన. మా మట్టి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసా? గాలి కాలంలో, బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మీంచి తెల్లటి పొడి లేచి మా వంటింట్లోకి, మంచినీళ్ళ బిందెల్లోకి వస్తుంది. గొంతులో పట్టుకుంటుంది. ఆ దిబ్బల కింద పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆ మట్టిని వాసన చూసి పొంగిపోరు, కిటికీ మూసుకుంటారు.

నవలలో ఇంగ్లీషు దొరగారి కూతురు పియానో వాయిస్తుంది. ఆ వాయింపు మీద పేజీలకు పేజీలు నడుస్తాయి. కథానాయకుడైన గని కార్మికుడు తోటలో నిలబడి ఆ సంగీతం విని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అతను మాట్లాడడు, అతని కళ్ళు మాట్లాడతాయట. మా లైన్లలో, అంటే గని కంపెనీ కట్టించిన వరస ఇళ్ళలో, నోరు మెదపని మగవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు. కుళాయి దగ్గర, టీ అంగడి దగ్గర, చర్చి మెట్ల మీద, తెలుగు తమిళం కన్నడం ఇంగ్లీషు కలగలిపి పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్ళు. అలాంటివాళ్ళ మీద నవల రాసే రచయితకు మూగవాడే ఎందుకు కావాల్సి వచ్చాడు? మాట్లాడితే ఏమడుగుతాడో రచయితకు తెలుసు, అందుకు.

రైల్లో నా ఎదురుగా అన్న కూచున్నాడు. సొంత అన్న కాదు. మేముండే కోరమండల్ పేటలో మా పక్కింటి వాడు, ప్రొటెస్టెంటు. చర్చి కాయిర్‌లో గిటారు వాయిస్తాడు, వారమంతా వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ గార్డు. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే షాఫ్టులో దిగారు, ఒకే రకం దగ్గుతో పోయారు. ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించాను.

"పుప్పొడా? అట్లంటే ఏం?"

"పూలల్లో ఉంటాది కదన్నా, పచ్చగా పొడి."

అన్న గట్టిగా నవ్వాడు. "మా నాయిన మింద తుమ్మెద యాడ వాలింది పాపా? ఈగలు వాలినాయి."

పక్క సీటాయన ఫోనులోంచి తల ఎత్తి మమ్మల్ని చూశాడు. ఆయన రోజూ రైలు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వీడియోలు చూస్తాడు. పాత రాజుల గొప్పదనం, పక్క మతం వాళ్ళ కుట్రలు. "కథ కథలా చదువుకోవల్లమ్మా. నువ్వు అన్నిట్లోకీ రాజకీయం తెస్తావు" అన్నాడు.

నాకీ మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఊళ్ళో పని లేక వేలమంది చీకటితో లేచి, ఒంటికాలి మీద నిలబడి ఇంకో ఊరికి పోయి, ఆ ఊరిని ఊడ్చి, కాపలా కాసి, దానికి బట్టలు కుట్టి తిరిగొస్తుంటే అది రాజకీయం కాదు. ఇదేమిటని అడిగితే రాజకీయం. ఆయన కూడా మాతోపాటే రోజూ ఈ రైల్లో పనికి పోయే మనిషే. ఏనాడో చచ్చిన రాజు గురించి ఛాతీ విరుచుకుంటాడు కానీ రైల్లో ఇంకో రెండు పెట్టెలు వేయమని అడుగుదాం రమ్మంటే రాడు.

అన్న నా మోకాలి మీద తట్టి మాట మార్చాడు. "నన్ను గూడా పిలిచినారు తెల్సునా? ఆ ఫంక్షన్‌లో పాట పాడల్లంట. మా అమ్మకు చెప్తే ఒకటే సంబరం."

ఆ పాట నాకు తెలుసు. అన్నే కట్టాడు. మొదటి చరణంలో కేజీ, అంటే మనుషుల్ని గనిలోకి దించే ఇనప పెట్టె, కిందికి పోతుంటుంది. అందులో బైరకూరు నుంచి వచ్చిన తెలుగువాడు, ఆర్కాటు నుంచి వచ్చిన తమిళుడు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉంటారు. రెండో చరణంలో ఆడవాళ్ళు గని ప్రమాదపు సైరను వినిపించినప్పుడల్లా గుమ్మాల్లోకి పరుగెత్తుకొస్తారు. మూడోది ఇది:

బంగారమంతా మీ పెట్టెలోకి పాయె
దుమ్మంతా మా నాయిన ఎదలోకి పాయె
దగ్గి దగ్గి ఆయప్ప తెల్లారిపాయె
అడిగేటోడు యాడుండాడు చెప్పండప్పా

చర్చి పాటల్లోలాగా నాలుగు గొంతులు వేరువేరు స్వరాల్లో పాడాలి దాన్ని. చావు మేళం దరువు దాని కింద నడుస్తుంది. మధ్యలో ఒక వంపు మా అమ్మమ్మగారి ఊళ్ళో రాగి కోతలప్పుడు ఆడవాళ్ళు పాడే పాటది. శుద్ధ సంగీతం గురించి మాట్లాడేవాళ్ళను పిలిచి ఈ పాట వినిపించాలనిపించేది నాకు. మా ఊరి సంగీతంలో శుద్ధమైనదేదీ లేదు, ఉంటే అది మాది కాదు. ఇప్పుడేమో పండగకు లారీ మీద గోడలంత స్పీకర్లు కట్టి, దేవుడి పేరుకు డీజే దరువు తగిలించి, మసీదు ముందూ చర్చి ముందూ కావాలని ఆగి సౌండు పెంచుతారు. అది భక్తి కాదు, సంగీతం అంతకన్నా కాదు. మా ఎర్రజెండా వాళ్ళన్నా నయమా అంటే, వాళ్ళ మీదా నాకు మంటే. నాకు చదవడం నేర్పింది ఆ యూనియన్ వాళ్ళ రీడింగ్ రూమే. ఇప్పుడు దానికి తాళం. మేడే నాడు వాళ్ళూ అదే డీజే లారీని మాట్లాడుకుంటారు.

సభకు కొన్ని రోజుల ముందు అన్న రైల్లో నా పక్కన కూచుని, మెల్లగా చెప్పాడు.

"ఆ సెక్రెటరీ సారు ఫోన్ చేసినాడు పాపా. మూడో చరణం తీసెయ్యమన్నాడు. రూలింగ్ పార్టీ లీడరు చీఫ్ గెస్టుగా వస్తాండాడంట. బేజారు చేసుకుంటాడంట."

"నువ్వు ఒప్పుకోలేదు కదా?"

"ఒప్పుకున్నా."

"ఎట్ల ఒప్పుకుంటావన్నా? పాటంతా ఆ చరణం కోసమే కదా ఉండాది?"

"రెండు చరణాలన్నా పాడనీ. ఇన్నేండ్లకు ఒకరు మైకు ఇస్తాండారు. నువ్వు పుస్తకాలు చదివినదానివి, నీకు యాడన్నా మాట్లాడేకి చోటుంటాది. నాకు యాడుండాది?"

నేను అంత తేలిగ్గా వదల్లేదు. వైట్‌ఫీల్డ్ వచ్చేదాకా వాదించాను. అన్న దిగిపోతూ, "నీ మాటలు నువ్వు మాట్లాడుకో. నా పాట జోలికి రావద్దు" అన్నాడు.

సభ ఆదివారం సాయంత్రం. హాలు నిండింది. అన్న తెల్ల చొక్కా వేసుకుని గిటారు ఒళ్ళో పెట్టుకుని వేదిక పక్కన కూచున్నాడు. వాళ్ళమ్మ ముందు వరసలో ఉంది. పట్టుచీర కట్టి, కొప్పు ముడుచుకుని, పక్కవాళ్ళకు కొడుకును చూపిస్తోంది. లీడరు ఆలస్యంగా వచ్చాడు. ఆయన వెంట మెడల్లో కండువాలు వేసుకున్న గుంపు వచ్చి మొదటి వరసల్లో కూచున్నవాళ్ళను లేపింది. అన్న వాళ్ళమ్మనూ లేపింది. ఆమె గొణుక్కుంటూ వెనక్కి పోయి గోడకానుకుని నిలబడింది.

లీడరు పుస్తకం విప్పకుండానే ఆవిష్కరించాడు. "ఈ నేల దేశానికి బంగారమిచ్చింది. మీ తండ్రులు త్యాగమూర్తులు. గతాన్ని తవ్వుకుంటూ బాధపడొద్దు. మీరు గర్వపడాలి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. తరువాత రచయిత లేచాడు. రిటైరైన అధికారి, మెత్తటి గొంతు. మా ఊరికి రెండుసార్లు వచ్చి, పాత షాఫ్టు ఇనప గోపురం కింద నిలబడితే చరిత్ర తనతో మాట్లాడిందని చెప్పాడు.

ఆ తరువాత నన్ను పిలిచారు. కాగితం మీద రాసుకుని పోయాను. లీడరు మాటలు విన్నాక కాగితం మడిచేశాను.

"అయ్యా, ఈ పుస్తకంలో దొరసాని పియానో వాయిస్తుంది. గని మనిషి ఒక్కడూ పాడడు. మావాళ్ళు పాడేవాళ్ళు, తిట్టేవాళ్ళు, సమ్మెలు చేసేవాళ్ళు. వాళ్ళందరినీ తీసేసి మూగవాణ్ణి పెట్టారు. మా నాన్న రొమ్ములో దుమ్మును పుప్పొడి అన్నారు. ఆ పుప్పొడి మీరు ఒక్కరోజు పీల్చి వచ్చి రాసి ఉంటే మీకు నమస్కారం పెట్టేదాన్ని" అన్నాను.

కార్యదర్శి గారు సగం లేచి, "అమ్మా, క్లుప్తంగా" అన్నారు.

నేను లీడరు వైపు తిరిగాను. "గర్వపడమని చెప్పడానికి అందరూ వస్తున్నారు సార్. త్యాగం మావాళ్ళు చేయలేదు, మావాళ్ళతో చేయించారు. కూలికి పోయిన మనిషిని త్యాగమూర్తి అంటే ఇంక ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు కదా! ఈ వేదిక మీద పాడబోయే పాటలో ఆ ప్రశ్న అడిగిన చరణం ఉంది. దాన్ని కూడా తీసెయ్యమన్నారు."

కండువాల గుంపు లేచింది. "కూచోబెట్రా ఆయమ్మను!" అన్నాడొకడు. "దేశద్రోహి" అన్నాడు ఇంకొకడు. మైకు ఆగిపోయింది. వెనక వరసల్లోంచి మా లైన్ల వాళ్ళు కొందరు చప్పట్లు కొట్టి "మాట్లాడనీండి" అని అరిచారు. కొందరు, ఎందుకొచ్చిన గలాటా అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. లీడరు నవ్వుతూనే లేచి, అందరికీ దండం పెట్టి కారెక్కాడు. ఆయన వెళ్ళాక కార్యదర్శి గారు మైకు మళ్ళీ పెట్టించి, సమయాభావం వల్ల పాట కార్యక్రమం రద్దయిందని ప్రకటించారు. ఎవరో సెల్‌ఫోనును మైకుకు ఆనించి ఒక దేశభక్తి పాట పెట్టారు. అందరం నిలబడ్డాం.

అన్న మాత్రం లేవలేదు. గిటారు అట్లాగే ఒళ్ళో ఉంది.

రచయిత నా దగ్గరికి వచ్చాడు. నొచ్చుకున్నాడు కానీ మర్యాద తప్పలేదు. "మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ సాహిత్యం రిపోర్టు కాదు కదా. సౌందర్యం కావాలి."

"నిజం రాయడం చేతకానప్పుడు సౌందర్యం అంటారా సార్?" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవల తరువాత రెండోసారి అచ్చయిందని విన్నాను. అంగడిలో తిరగేసి చూశాను. పుప్పొడి అట్లాగే ఉంది.

బయట మెట్ల మీద అన్న నన్ను ఆపాడు. వాళ్ళమ్మ కొంచెం దూరంలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"తృప్తేనా ఇంగ?"

"నన్నంటావేమన్నా? పాట ఆపింది వాళ్ళు."

"వాళ్ళు ఒక చరణమే తీసెయ్యమన్నారు. నువ్వు పాటంతా తీసేసినావు. నీ జోలి నువ్వు చూసుకో అని చెప్పినా కదా? నా పాటను నీ గొడవలోకి ఎవురు లాగమన్నారు? నీ కోపం నువ్వు చెప్పుకున్న్యావు, చప్పట్లు గూడా కొట్టిచ్చుకున్న్యావు. మా అమ్మ ముందర నేను బొమ్మ మాదిరి కూచున్న్యా."

ఆ క్షణంలో ఆయన మీద కూడా కోపం వచ్చింది. సగం పాటకు సిద్ధపడ్డవాడు నన్నంటాడేమిటి అనుకున్నాను. ఇంటికొచ్చేశాను. మరుసటి రోజు నుంచి అన్న వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టాడు. ప్లాట్‌ఫారం మీద కనిపిస్తే పక్కకు తిరిగేవాడు. మా రెండిళ్ళకూ గోడ ఒకటే. ఆయన గిటారు మీటినా, మా అమ్మ తుమ్మినా ఇటునుంచి అటు వినిపిస్తుంది. ఆ గోడకు అటూ ఇటూ మేమిద్దరం నెలల తరబడి బిగుసుకుని కూచున్నాం.

ఆ రోజుల్లో నాకు ఎక్కువ మంట పుట్టించింది ఇదే. లీడరు కారులో పోయాడు. రచయిత కారులో పోయాడు. కార్యదర్శి గారు శాలువాలు సర్దుకుని బస్సెక్కారు. వాళ్ళల్లో ఎవరికీ నిద్ర చెడలేదు. ఒకే దుమ్ముకు తండ్రుల్ని పోగొట్టుకున్న మేమిద్దరం మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మమ్మల్ని ఇలా చేయడానికి వాళ్ళు పెద్దగా కష్టపడలేదు కూడా. ఒక మైకు చూపించారు, ఒక చరణం తీసెయ్యమన్నారు, అంతే. అణిచివేత గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. ఇంత చవగ్గా పనయిపోతుందని వాటిల్లో ఎవరూ రాయలేదు.

ఒక ఆదివారం చర్చి వదిలాక వాళ్ళమ్మే మా ఇంటికొచ్చింది. కుర్చీ వేస్తే కూచోలేదు.

"ఏం పాపా, వాడూ నువ్వూ మాట్లాడుకోరంట? నేను చచ్చేదాకా ఇట్లే ఉంటారా? ఆ పొద్దు నన్ను లేపి గోడకు నిలబెట్టినారు చూడు, ఆ కండవా నాయాండ్లు. వాళ్ళను తిట్టేది ఇడిసిపెట్టి మీరు మీరే కొట్లాడుకుంటాండారే!"

ఆ మాట అన్నాక అన్నను కేకేసింది. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. నేనే, "పాట మన గ్రౌండులో పెడదామన్నా. చీఫ్ గెస్టు వద్దు, మైకు నేను తెప్పిస్తా" అన్నాను.

"నువ్వు మాట్లాడకూడదు మళ్ళ."

"మాట్లాడను."

"ఒక్క మాట గూడా."

"సరే అన్నా కదా."

లైన్ల చివర గ్రౌండులో ఒక సాయంత్రం పెట్టాం. ఇళ్ళల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకున్నాం. కాయిర్‌లోంచి ముగ్గురు వచ్చి గొంతు కలిపారు. మైకు గరగరమంది. రెండో చరణంలో ఉండగా పక్క వీధిలో డీజే మొదలైంది. నేను లేచి పోయి ఆ లారీ వాడితో పోట్లాడాను. సౌండు కొంచెం తగ్గించాడు, పూర్తిగా ఆపలేదు. నేను తిరిగొచ్చేసరికి అన్న మూడో చరణంలో ఉన్నాడు. కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా, ఆ డీజే మీదుగా పాడుతున్నాడు. గనిలో పనిచేసిన ముసలాయన ఒకాయన మధ్యలో లేచి, "ఇదంతా ఇప్పుడెందుకప్పా, పోయినోళ్ళు పోయినారు" అని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనా దగ్గుతూనే వెళ్ళాడు.

పాట అయ్యాక అన్న గిటారు కింద పెట్టి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఎట్లుండాదిమా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "బాగుండాది" అంది. "ఇంకొంచెం గట్టిగా పాడింటే ఆ లారీ వాడికి గూడా ఇనపడింటాది."

అన్న నావైపు చూశాడు. నేను మాట్లాడనని మాటిచ్చాను కనుక నోరు మూసుకుని కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చడం మొదలుపెట్టాను.